రైలు చూడడం తప్పు కాదు, నిలబడే చోటే ముఖ్యం

తోటి విద్యార్థులైన అన్నలకు, తమ్ముళ్ళకు ఒక మనవి. ఇది కొంచెం పొడుగు వ్యాసము. మధ్యాహ్నం భోజనం లైనులో నిలబడినప్పుడు సగం, రాత్రి లైనులో సగం చదివినా సరే, పూర్తిగా చదవండి.

పోయిన నెల ఆదివారం నాడు ఇద్దరు విద్యార్థులు రైలు పట్టాల మీద దొరికిపోయారని, వాళ్ళని సోమవారం అసెంబ్లీలో నిలబెట్టారని మీ అందరికీ తెలుసు. ఆ ఇద్దరిలో ఒకడిని నేను. తొమ్మిదో తరగతి వాడినై ఉండి, చిన్న తరగతుల వాళ్ళకి చెప్పవలసినవాడినై ఉండి, ఆ పని చేశాను. అందుకు సిగ్గుపడుతున్నాను. వారం రోజులు డైనింగ్ హాలు కడగమన్నారు, కడిగాను. దానిమీద నాకు ఏ కోపమూ లేదు.

అయితే ఆ రోజు సాయంత్రమే నోటీసు బోర్డులో ఒక నోటీసు పడింది. ఇకమీదట విద్యార్థులెవరూ రైలు చూడడానికి వెళ్ళరాదు అని అందులో ఉంది. ఆ నోటీసు గురించే నా అభిప్రాయము రాస్తున్నాను. తెలుగు మాస్టారిని అడిగితే, "రాయి, కానీ ముందు నీ తప్పు రాసి తర్వాత నీ వాదన రాయి" అన్నారు. అలాగే రాస్తాను.

మేము చేసిన తప్పు

మేమిద్దరం వెళ్ళింది సొరంగం నోటి దగ్గరికి. రూపాయి బిళ్ళ పట్టా మీద పెడితే రైలు తొక్కి అప్పడంలా చేస్తుందని ఎవరో చెప్పారు. బిళ్ళ పెట్టాం. తర్వాత సొరంగంలోకి కేక వేసి, తిరిగి వచ్చే కేక వింటున్నాం. రైలు వస్తే చప్పుడు వినపడుతుంది కదా, అప్పుడు పక్కకి తప్పుకోవచ్చు అనుకున్నాం.

చప్పుడు వినపడలేదు. వినపడింది ఒక మనిషి అరుపు. రోజూ సుత్తి పట్టుకుని పట్టాల వెంట నడిచే కీమాన్ బాబాయి వెనకనుంచి పరిగెత్తుకొచ్చి మా ఇద్దరినీ చొక్కాలు పట్టి పక్కకి ఈడ్చేశాడు. మేము కాలవలో పడ్డాం. లేచి చూసేసరికి మలుపు తిరిగి గూడ్సు వచ్చేస్తోంది. ఎర్ర ఖనిజంతో నిండిన బండి, ఘాట్ దిగుతోంది. దిగే బండికి ఇంజను గట్టిగా లాగనవసరం లేదు, అందుకని పెద్ద చప్పుడు ఉండదు. పైగా కొండ మలుపు చప్పుడుని మింగేస్తుంది. ఈ సంగతి నాకు ఆ రోజు దాకా తెలియదు.

బండి పోయాక బాబాయి కాళ్ళు వణుకుతున్నాయి. మమ్మల్ని కొట్టలేదు. "ఒరే, డ్రైవరు మిమ్మల్ని చూస్తాడు గానీ ఆపలేడురా. బ్రేకు వేసినా అంత బరువు ఆగాలంటే కిలోమీటరు దాకా పోతాది. మీరు సచ్చిపోతే మీ అమ్మ ఏడుస్తాది, ఆ డ్రైవరు బతికినన్నాళ్ళూ ఏడుస్తాడు" అన్నాడు. నేను డ్రైవరు గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు రాత్రి లైట్లు తీసేసిన తర్వాత అదే గుర్తొస్తోంది.

ఇదీ మా తప్పు. ఇందులో దాచింది ఏమీ లేదు.

నా వాదన

వార్డెన్ మాస్టారు మా ప్రాణాల కోసమే ఆ నోటీసు పెట్టారు. అది నేను ఒప్పుకుంటాను. కానీ రైలు చూడడం వల్ల మాకు ప్రమాదం రాలేదు. చూడకూడని చోట నిలబడడం వల్ల వచ్చింది. ఈ రెండూ వేరు వేరు. బావిలో ఒకడు పడ్డాడని నీళ్ళు తాగడం మానేస్తామా? గట్టు కట్టుకుంటాం.

ఇంకొక సంగతి. నోటీసు పెడితే మనవాళ్ళు మానేస్తారా? ఈ హాస్టలులో రైలు ఇష్టం లేనివాడు ఎవడు? ఎక్కడినుంచి చూడాలో ఎవరూ చెప్పకపోతే దొంగచాటుగా వెళ్తారు. దొంగచాటుగా వెళ్ళేవాడు జనం లేని చోటికే వెళ్తాడు. జనం లేని చోటే ప్రమాదము. మేము కూడా స్టేషనులో ఎవరైనా చూసి మాస్టారికి చెబుతారని భయపడే సొరంగం దగ్గరికి పోయాం. కాబట్టి "చూడవద్దు" అని కాకుండా "ఇక్కడ నిలబడి చూడండి" అని ఉంటే ఎక్కువ మంది బతికి ఉంటారని నా అభిప్రాయము.

ఈ రైలు మనకేమవుతుంది?

"రైల్లో ఏముందిరా చూడడానికి? మన కొండల మీదుగా ఖనిజం పోతాది, మనకి ఎర్రదుమ్ము మిగులుతాది" అని మా రూంలో ఒక అన్న అంటాడు. ఆ మాటలో నిజం ఉంది. దానికి జవాబు చెప్పకుండా ముందుకి పోకూడదు.

కొత్తవలస నుండి కిరండూల్ వరకు పోయే ఈ లైను సుమారు 445 కిలోమీటర్లు. బైలాడిలా కొండల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాను దేశానికి ఓడల మీద పంపాలని 1960లో ఈ పని తలపెట్టారు. 1966-67లో లైను తెరిచారు. 1980ల మొదట్లో కరెంటు తీగలు వేశారు. దారి పొడుగునా 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నాయని లెక్క చెబుతారు. అంటే ఈ లైను మనల్ని ఊర్లకి చేర్చడం కోసం వేసింది కాదు. ఖనిజం కోసం వేశారు, మనం కూడా ఎక్కుతున్నాం.

కానీ మా తాత వేరేలా చెబుతాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ అయ్యతో కలిసి ఈ లైను పనిలో రాళ్ళు మోశాడట. మొదటిసారి ఇంజను వచ్చిన రోజున ఊరంతా కొండ ఎక్కి దూరంనుంచి చూశారట. కొంతమంది కొబ్బరికాయ కొట్టారు, కొంతమంది భయపడి ఇళ్ళలో దాక్కున్నారు. తాత ఇప్పటికీ బండి పోతుంటే పని ఆపి చూస్తాడు. "మా అయ్య మోసిన రాయి మీంచి పోతంది" అంటాడు. నేను ఆ మాట వింటూ పెరిగాను. ఖనిజం వాళ్ళదైనా ఆ కట్టలో రాయి మనది. మన పెద్దలు మోసిన పనిని మనం సరిగ్గా నిలబడి చూడకూడదా? అన్నకి నా జవాబు ఇదే.

మంచి చోటు అంటే ఏమిటి?

కీమాన్ బాబాయి దగ్గరికి తర్వాత మాస్టారి అనుమతితో వెళ్ళి క్షమాపణ చెప్పాను. అప్పుడు ఆయన్నే అడిగాను, "బాబాయి, మరి ఎక్కడ నిలబడాలి?" అని. ఆయన చెప్పినవి, నేను చూసి నేర్చుకున్నవి కలిపి రాస్తున్నాను. నోటు పుస్తకంలో ఎక్కించుకోండి.

ఒకటి. పట్టాలకీ మనకీ మధ్య కంచె గానీ, కాలవ గానీ, ప్లాట్‌ఫారం పసుపు గీత గానీ ఉండాలి. ఏదీ లేకపోతే కనీసం ఇరవై అడుగులు వేసి దూరం జరగాలి. వేగంగా పోయే బండి పక్కన గాలి మనల్ని తూలిస్తుంది, వదులుగా ఉన్న రాయి ఎగిరి తగలవచ్చు.

రెండు. సొరంగం నోటి దగ్గర, వంతెన మీద, కొండని నిలువుగా కోసిన చోట ఎప్పుడూ నిలబడరాదు. సొరంగంలోనూ వంతెన మీదా తప్పుకోవడానికి చోటు ఉండదు. కొండ కోసిన చోట వానాకాలంలో బండరాళ్ళు జారిపడతాయి. మన ఘాట్‌లో బండలు పడి బళ్ళు ఆగిపోయిన సంగతి అందరూ ఎరిగినదే.

మూడు. సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. పొద్దున్న అయితే పడమటి వైపు చూసే చోటు, సాయంత్రం అయితే తూర్పు వైపు చూసే చోటు. ఎదురెండలో నిలబడితే రైలు నల్లగా కనపడుతుంది తప్ప ఇంజను నంబరు కూడా చదవలేం.

నాలుగు. బండి నెమ్మదించే చోటు చూసుకోవాలి. స్టేషను, మలుపు, సిగ్నలు దగ్గర బండి నెమ్మదిస్తుంది. మలుపుకి లోపలి వైపు ఎత్తుగా, దూరంగా నిలబడితే ఇంజను నుంచి ఆఖరి పెట్టె దాకా విల్లులా వంగి మొత్తం కనపడుతుంది.

ఐదు. సిగ్నలు కనపడే చోటు అయితే ఇంకా మంచిది. ఎర్రదీపం ఉంటే ఆగాలి. ఒక పసుపు ఉంటే తర్వాతి సిగ్నలు దగ్గర ఆగడానికి సిద్ధంగా రావాలి. రెండు పసుపు దీపాలుంటే జాగ్రత్తగా ముందుకి పోవాలి. ఆకుపచ్చ అయితే దారి ఖాళీ. ఇవి తెలిస్తే మనం ఊరికే చూడడం కాదు, డ్రైవరు ఏమి చదువుతున్నాడో మనమూ చదువుతున్నట్టు.

ఆరు. తలమీద తీగల సంగతి మరిచిపోవద్దు. వాటిలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. ముట్టుకోనక్కర లేదు, దగ్గరికి పోయినా లాగేస్తుంది. వెదురు గెడ, పచ్చి కొమ్మ, గాలిపటం పట్టుకుని పట్టాల దగ్గరికి పోరాదు. ఆగి ఉన్న గూడ్సు పెట్టె మీదికి ఎక్కరాదు.

ఏడు. ఒక బండి పోగానే పట్టా దాటరాదు. ఇప్పుడు మన దిక్కున రెండో లైను వేసే పని జరుగుతోంది. రెండు లైన్లు ఉన్న చోట పోతున్న బండి చాటునుంచి ఇంకో బండి ఎదురుగా వస్తుంది.

ఎనిమిది. ఎవరి పొలంలోనైనా నిలబడితే వాళ్ళని అడిగి నిలబడాలి. చోళ్ళు, వలిసెలు తొక్కి రైలు చూస్తే అది చూడడం కాదు, పాడుచెయ్యడం.

తొమ్మిది. చీకటి పడకముందే తిరిగి రాగలిగిన చోటు అయి ఉండాలి.

ప్రయాణంలో నేను చూసిన చోట్లు

సెలవులకి ఇంటికి పోయేటప్పుడు, ఆటల పోటీలకి పోయేటప్పుడు నేను కొన్ని చోట్లు గుర్తుపెట్టుకున్నాను. మీరూ పోతే చూడండి.

మొదటిది కొత్తవలస స్టేషను. మన కొండ లైను అక్కడే హౌరా-చెన్నై పెద్ద లైనుని విడిచి పైకి బయలుదేరుతుంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒక గంట కూర్చుంటే మన గూడ్సులూ, పెద్ద లైను ఎక్స్‌ప్రెస్‌లూ రెండూ కనపడతాయి. ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ వచ్చేటప్పుడు మైకులో చెబుతారు. అప్పుడు గోడకి దగ్గరగా జరిగి నిలబడాలి. ప్రయాణం టికెట్టు లేకుండా ప్లాట్‌ఫారం మీదికి పోతే 10 రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు కొనాలి. అది కొనుక్కుంటే మనల్ని ఎవరూ తరమరు. పది రూపాయలకి సినిమా కూడా రాదు.

రెండోది విశాఖపట్నం స్టేషను. హౌరా నుంచి చెన్నై వైపు పోయే చాలా బళ్ళు విశాఖలో వచ్చిన దిక్కుకే తిరిగి బయలుదేరతాయి. అందుకని ముందున్న ఇంజను తీసేసి వెనక వైపు వేరే ఇంజను తగిలిస్తారు. పోయిన ఏడు పోటీలకి రాజమండ్రి పోయినప్పుడు పి.డి. మాస్టారు మమ్మల్ని ప్లాట్‌ఫారం చివర దాకా తీసుకెళ్ళి ఇది చూపించారు. ఇంజను మెల్లగా, నడిచే మనిషికన్నా మెల్లగా వెనక్కి వచ్చింది. ఒక ఉద్యోగి జెండా చూపిస్తున్నాడు. టక్కున కొక్కెం పడింది. తర్వాత ఆయన కిందికి దిగి గాలి గొట్టాలు కలిపాడు. ఆ గొట్టాల్లోని గాలితోనే పెట్టెలన్నిటికీ బ్రేకులు పడతాయట. ఇంత పెద్ద బండి గాలితో ఆగుతుందంటే మాకు నమ్మకం కుదరలేదు. ఫిజిక్సు మాస్టారు తర్వాత పాఠంలో చెప్పినప్పుడు మా నలుగురికే ముందు అర్థమయింది.

మూడోది రాజమండ్రి గోదావరి గట్టు. నేను చూసినవాటిలో ఇదే అన్నిటికన్నా మంచి చోటు. ఘాటు మెట్ల మీద కూర్చుంటే నది మీద వంతెనలు కనపడతాయి. హేవలాక్ వంతెన పాతది, 1900 నుంచి 1997 దాకా దానిమీద బళ్ళు నడిచాయి. ఇప్పుడు నడవవు. ఇంకొకటి 1974లో మొదలయిన రోడ్డు-రైలు వంతెన, పైన బస్సులు పోతుంటాయి, కింద రైలు పోతుంటుంది. మూడోది హేవలాక్ బదులు కట్టిన కమానుల వంతెన, దానికి 28 కమానులు. బండి ఆ కమానుల వెనక పోతుంటే పెట్టెలు ఒక్కొక్కటిగా కనపడి మాయమవుతుంటాయి. మనకీ బండికీ మధ్య నీళ్ళు, కాబట్టి ప్రమాదమే లేదు. బండి మొత్తం తలనుంచి తోక దాకా కనపడుతుంది. అక్కడ మాలాగే చాలామంది చూస్తున్నారు. ఒక ముసలి తాతగారు మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెట్టెలు లెక్కపెట్టిస్తున్నారు. వాళ్ళని ఎవరూ "పనిలేదా" అని అడగలేదు. పట్నంలో తాతగారు చూపిస్తే అది చదువు అయినప్పుడు, కొండమీద మనం చూస్తే అల్లరి ఎందుకవుతుంది?

నాలుగోది మన బొర్రా గుహలు స్టేషను. విశాఖలో పొద్దున్న బయలుదేరిన కిరండూల్ పాసింజరు పది గంటల ప్రాంతంలో అక్కడికి వస్తుంది. ఇక్కడ ఒక వింత. రైలు లైను గుహల పైనుంచే పోతుంది. అంటే గుహ లోపల మనుషులు, గుహ నెత్తిన రైలు. ఈ స్టేషను ప్లాట్‌ఫారం నుంచి ఎంతైనా చూడవచ్చు. కానీ ప్లాట్‌ఫారం దిగి సొరంగాల వైపు పోరాదు. టూరిస్టులు ఫోటోలకి పోతుంటారు. వాళ్ళు పోతున్నారని మనం పోరాదు.

ఐదోది శిమిలిగుడ. సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఇదే ఎత్తయినదని గొప్పగా చెప్పుకునేవారు. 2008లో కాశ్మీరు లోయలో రైలు మొదలయ్యాక ఆ పేరు పోయింది. పేరు పోయినా ఎత్తు పోలేదు కదా! ఇక్కడిదాకా ఎక్కివచ్చిన బండికి ఇంక దిగుడు వస్తుంది. ఎక్కేటప్పుడు ఇంజను చప్పుడు ఒకలాగ, దిగేటప్పుడు ఇంకొకలాగ ఉంటుంది. కళ్ళు మూసుకుని విన్నా బండి ఎటు పోతోందో చెప్పవచ్చు.

ఆరోది రైలు లోపలే ఉంది. ఇంటికి పోయేటప్పుడు వెనక పెట్టెల్లో కిటికీ దగ్గర కూర్చోండి. మలుపు వచ్చినప్పుడు లోపలి వైపు కిటికీ నుంచి మన బండి ఇంజనే మనకి కనపడుతుంది. తల బయట పెట్టకుండానే కనపడుతుంది. గుమ్మంలో వేలాడనక్కర లేదు. సొరంగం గోడ చాలా దగ్గరగా ఉంటుంది, చెయ్యి బయట పెట్టినా పోతుంది.

ఏడోది మా ఊరి పైన చింతచెట్టు కింద ఉన్న బండ. దాని పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. అక్కడనుంచి చూస్తే ఎదుటి కొండ నడుమున లైను గీత గీసినట్టు ఉంటుంది. బండి ఒక సొరంగంలో దూరి ఇంకో చోట బయటికి వస్తుంది. మా తాత చూసే చోటు అదే. మీ మీ ఊళ్ళలో కూడా ఇలాంటి బండలు ఉంటాయి. మీ తాతల్ని అడగండి, వాళ్ళకి తెలుసు.

టూరిస్టుల సంగతి

2017 నుంచి మన బండికి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు. పైకప్పుకి కూడా అద్దాలుంటాయి. టూరిస్టులు అందులో కూర్చుని మన కొండల్ని చూస్తారు. మనం కిందనుంచి వాళ్ళని చూస్తాం. వాళ్ళు చెయ్యి ఊపుతారు, మనమూ ఊపుతాం. అది బాగుంటుంది.

కానీ కొన్ని చోట్ల మన తమ్ముళ్ళు బండి పక్కన పరిగెత్తుతూ చాక్లెట్లు అడుగుతున్నారు. వాళ్ళు కిటికీలోంచి విసిరితే పట్టాల దగ్గర ఏరుకుంటున్నారు. నేనూ మూడో తరగతిలో ఉన్నప్పుడు ఏరుకున్నాను, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. తమ్ముళ్ళూ, అలా చెయ్యకండి. చూడడానికి నిలబడిన వాడికి ఒక మర్యాద ఉంటుంది. అడుక్కోవడానికి పరిగెత్తిన వాడికి ఆ మర్యాద పోతుంది. చక్రం కింద పడితే కాలు కూడా పోతుంది.

ఇంకొందరు రాళ్ళు విసురుతున్నారు. అది ఆట కాదు. 1989 రైల్వే చట్టంలో 152వ సెక్షను ప్రకారము, జనానికి తగలాలని బండి మీద రాయి విసిరితే యావజ్జీవ శిక్ష దాకా పడవచ్చు. అనుమతి లేకుండా పట్టాల మీద తిరిగితే 147వ సెక్షను ప్రకారము ఆరు నెలల జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మేము చేసింది కూడా ఈ నేరమే. బాబాయి మమ్మల్ని పోలీసులకి కాకుండా మాస్టారికి అప్పగించాడు.

చూస్తే ఏమి లాభము?

లెక్కల మాస్టారు ఈ ప్రశ్న అడుగుతారని నాకు తెలుసు. అందుకని ఒక లెక్క చేసి తెచ్చాను.

ఒక గూడ్సులో పెట్టెలు లెక్కపెట్టాను, 58 ఉన్నాయి. అలాంటి ఒక పెట్టె పొడుగు సుమారు 10.7 మీటర్లు. అంటే పెట్టెల పొడుగు మొత్తం సుమారు 620 మీటర్లు. అవి ఒక కరెంటు స్తంభాన్ని దాటడానికి 90 సెకన్లు పట్టింది. 620ని 90తో భాగిస్తే సెకనుకి 6.9 మీటర్లు, అంటే గంటకి సుమారు 25 కిలోమీటర్లు. ఒక్కొక్క పెట్టెలో 60 టన్నుల ఖనిజం వేసుకున్నా 58 పెట్టెల్లో 3,480 టన్నులు. కాలము-దూరము పాఠం నాకు ఎనిమిదో తరగతిలో బుర్రకి ఎక్కలేదు. బండి చూసిన తర్వాత ఎక్కింది.

రెండో లాభము ఉద్యోగము. మనలో చాలామందికి రైలులో ఉద్యోగాలంటే టీ అమ్మడం, లేకపోతే కళాసీ పని అనే తెలుసు. రైలు నడిపే ఉద్యోగానికి మొదటి మెట్టు అసిస్టెంటు లోకో పైలట్. దానికి పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ. గానీ, ఇంజనీరింగు డిప్లమా గానీ ఉండాలి. 18 ఏళ్ళు నిండాలి. మనకి వయసులో ఐదేళ్ళ సడలింపు ఉంది. కళ్ళద్దాలు లేకుండా చూపు సరిగ్గా ఉండాలి, రంగులు తేడా తెలియాలి. కాబట్టి తమ్ముళ్ళూ, మసక దీపం కింద పడుకుని చదివి కళ్ళు పాడుచేసుకోకండి. ఆకుకూర వద్దని పళ్ళెంలోంచి తీసి పారెయ్యకండి. నేను ఈ పరీక్ష రాయాలనుకుంటున్నాను. ఆ ఆదివారం కీమాన్ బాబాయి లేకపోతే రాసేవాడిని కాదు.

మూడో లాభము రాయడం కష్టం. కొత్తగా హాస్టలుకి వచ్చిన ఐదో తరగతి పిల్లలు సాయంత్రం పూట ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తారు. నేనూ ఏడ్చాను. అప్పుడు దూరంగా బండి కూత వినపడితే, ఇదే బండి మా ఊరి పక్కనుంచి పోతుంది, మా తాత చూస్తాడు అనుకునేవాడిని. ఏడుపు ఆగేది. ఆ బండిని అసలు చూడకూడదంటే వాళ్ళకి ఏమి చెప్పాలి?

నా కోరికలు

వార్డెన్ మాస్టారికి వినయంగా నాలుగు కోరికలు మనవి చేస్తున్నాను.

నెలకి ఒక ఆదివారం ఒక మాస్టారి వెంట ఇరవై మంది చొప్పున స్టేషనుకి పంపించండి. స్టేషను మాస్టారు గారిని ముందుగా అడిగి, ఏ బెంచీల దగ్గర కూర్చోవాలో చెప్పించుకుందాం. బండి టైములు కూడా వారినే అడిగి నోటీసు బోర్డులో రాద్దాం.

కీమాన్ బాబాయిని ఒకరోజు అసెంబ్లీకి పిలవండి. మాకు చెప్పినట్టు అందరికీ చెబుతాడు. పదిమంది మాస్టార్లు చెప్పినదానికన్నా ఆయన చేతిలో సుత్తి చూస్తే పిల్లలకి ఎక్కువ గుర్తుంటుంది.

రోడ్డు లేని ఊళ్ళనుంచి వచ్చిన విద్యార్థులు సెలవుల్లో పట్టాల వెంటే నడిచి ఇంటికి పోతున్నారు. ఇది అందరికీ తెలిసినా ఎవరూ మాట్లాడరు. మా పెదనాన్న కొడుకు అలాగే పోతూ సొరంగంలో బండికి ఎదురుపడి, గోడలో కట్టిన గూటిలో నక్కి బతికాడు. వెంట తోలుకెళ్ళిన మేక మాత్రం పోయింది. వాళ్ళకి వేరే దారి లేక నడుస్తున్నారు, సరదాకి కాదు. అలాంటి ఊళ్ళ పేర్లు మనమే రాసి, పెద్దల చేత సంతకాలు చేయించి, దారి వెయ్యమని ఐ.టి.డి.ఎ. ఆఫీసుకి అర్జీ పంపుదాం. దారి వచ్చేదాకా ఆ పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రుల్ని రమ్మనాలి. ఒంటరిగా పంపవద్దు.

చివరిది. నోటీసులో ఒక్క మాట మార్చండి. "రైలు చూడడానికి వెళ్ళరాదు" అన్న చోట "పట్టాల మీదికి వెళ్ళరాదు" అని రాయండి. అంతే చాలు. ఆ మాట తప్పినవాడిని వారం కాదు, నెలరోజులు డైనింగ్ హాలు కడిగించండి. నేనే బక్కెట్టు అందిస్తాను.

మిత్రులారా, ఈ కోరికలు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. ఒప్పుకునేదాకా మాత్రం నోటీసే మనకి చట్టము. ఎవరూ నా వ్యాసం చదివి స్టేషనుకి పారిపోవద్దు. అలా ఒక్కడు పారిపోయినా నా వాదన ఓడిపోయినట్టే. మాస్టారు మనల్ని నమ్మాలంటే ముందు మనం నమ్మదగినవాళ్ళమై ఉండాలి.

ఆ రోజు పట్టా మీద పెట్టిన రూపాయి బిళ్ళ మాకు మళ్ళీ దొరకలేదు. దొరికినా నేను తీసుకోను.

తప్పులున్న క్షమించగలరు.

ఇట్లు,
9వ తరగతి, 'బి' సెక్షను విద్యార్థి